గనిలో ధూళి, నడుం చుట్టూ కొవ్వు
(మంగంపేటలో చేసిన స్మారకోపన్యాసం)



మాస్టారు మాకు ఎనిమిదో తరగతిలో సైన్సు చెప్పారు. బడి కిటికీలోంచి పడే ఎండలో తేలాడే ధూళిని చూపించి, "ఇది ముక్కులోంచి లోపలికి పోతే ఏమవుతుందిరా?" అని అడిగేవారు. ముగ్గురాయి గనుల పక్కన పెరిగినవాళ్లం, దగ్గే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉండేవారు. ఆయన పేరున జరిగే ఈ సభలో ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టి, మన నడుం చుట్టూ చేరుతున్న కొవ్వు దగ్గరికి వస్తాను.

1882లో ఇటలీలోని మెసీనాలో ఇల్యా మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్త నక్షత్రచేప పిల్లకు ముల్లు గుచ్చి చూశాడు. తెల్లారేసరికి ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. పరాయి వస్తువును మింగే ఈ భక్షక కణాలను కనిపెట్టినందుకు 1908లో నోబెల్ వచ్చింది. మన ఊపిరితిత్తుల్లో ధూళిని మింగేవీ ఇవే. ముగ్గురాయి పొడి కంటే దానితో కలిసివచ్చే పలుగురాయి పొడి ప్రమాదం. కణం దాన్ని మింగుతుంది గానీ అరిగించుకోలేదు. ఆ రేణువు కణంలోని జీర్ణసంచిని చీలుస్తుంది. అప్పుడు ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రొటీను ప్రమాదఘంట కొడుతుంది, వాపు మొదలవుతుంది. ఏళ్ల తరబడి ఆ గంట ఆగకపోతే అదే సిలికోసిస్.

ఇక కొవ్వు సంగతి. కొవ్వంటే మిగిలిన తిండిని దాచే మూట అనే చాలాకాలం అనుకున్నాం. 1993లో అమెరికాలో హోతమిస్లిగిల్, స్పీగెల్మన్ బృందం లావెక్కిన ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే వాపు రసాయనం తయారవుతోందని, అది ఇన్సులిన్ పనికి అడ్డుపడుతోందని చూపింది. 2003లో రెండు బృందాలు అసలు గుట్టు విప్పాయి. సన్నని ఒంటి కొవ్వులో 10 శాతం లోపు ఉండే భక్షక కణాలు, స్థూలకాయుల కొవ్వులో 40 శాతం దాకా ఉంటాయని ఒక బృందం అంచనా కట్టింది.

ఎందుకు మూగుతాయి? ప్రయోగాల్లో ఎలుకలకు పెట్టే మేతలోని శక్తిలో 60 శాతం దాకా కొవ్వు నుంచే వస్తుంది. మనం అంత తినం కాబట్టి ఎలుక లెక్కను అచ్చంగా మనకు అంటగట్టకూడదు. కానీ దారి అర్థమవుతుంది. కొవ్వు కణం ఉబ్బుతుంది, దానికి ప్రాణవాయువు చాలదు, కొన్ని కణాలు చచ్చిపోతాయి. కబురందుకున్న భక్షక కణాలు చచ్చిన కణం చుట్టూ కిరీటంలా చేరి, ఒలికిన కొవ్వును మింగుతాయి. సన్నని ఒంట్లో ఈ కణాల్లో మరమ్మతు చేసే రకం ఎక్కువ. కొవ్వు మేత తిన్న ఎలుకల్లో కొట్లాడే రకం వచ్చి చేరుతుందని 2007లో లుమెంగ్, సాల్టియెల్ చూపారు. గొడవను అణచే నియంత్రక టి కణాలు స్థూలకాయ ఎలుకల పొట్టకొవ్వులో తగ్గిపోతాయని 2009లో తేలింది.

మాస్టారు ఉంటే 2011 నాటి మాట విని కుర్చీలోంచి లేచేవారు. విశ్వదీప్ దీక్షిత్ బృందం కొవ్వులోని భక్షక కణాల్లో మోగే గంటను వెతికింది. అది ఎన్‌ఎల్‌ఆర్‌పీ3. పలుగురాయి పొడి ఊపిరితిత్తిలో కొట్టే గంటే అది! ఆ గంట లేకుండా పుట్టించిన ఎలుకలు లావెక్కినా వాటిలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది.

మన హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ పుట్టుకతోనే లావెక్కే ఎలుకల జాతిని పెంచుతోంది. 2011లో అక్కడివారు వాటికి హెపటైటిస్-బి టీకా వేసి చూస్తే రక్షణ స్పందన బలహీనంగా వచ్చింది. కాపలాదారు ఇంట్లోనే గొడవలో చిక్కుకుంటే వాకిలి కాసేదెవరు?

2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, పెద్దల్లో 39.5 శాతానికి పొట్టకొవ్వు ఉందని లెక్కకట్టింది. మగవారికి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలి. గడ్డపార పట్టిన చేతులకు సరిపోయిన సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి, యంత్రం ముందు కూర్చునే ఒంటికీ సరిపోతాయి గానీ, వాటిపైన రోజూ బజ్జీలు, పదేపదే కాగిన నూనె చేరితేనే కష్టం. ఏ నూనెకైనా గ్రాముకు 9 కిలోక్యాలరీలే. మంచి నూనె అని ఎక్కువ పోయకండి. అమ్మలూ, చెల్లెళ్లూ, నెలకు ఇంటికి ఎన్ని కిలోల నూనె వస్తోందో ఒక్కసారి రాసి పెట్టండి. అన్నలూ, ఆ లెక్క మీది కూడా.

బరువు బాగా తగ్గినవారి కొవ్వులో భక్షక కణాలు తగ్గాయని 2005లో ఫ్రాన్స్‌లో చూశారు. కాబట్టి దారి మూసుకుపోలేదు.

గనిలో ధూళి లేవకుండా ముందే నీళ్లు చల్లుతాం. మింగే కణాన్ని తిట్టం, అది తన పనే చేసింది. వంటింట్లోనూ చేయాల్సింది అదే. లోపలికి పోతే ఏమవుతుందో ఇప్పుడు చెప్పగలం, మాస్టారూ. ఎంత పోనివ్వాలో తేల్చుకోవాల్సింది మేమే.