నెత్తురు వాంతి - దాచదగని చిహ్నము

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మేము వైద్యులము కాము; మెట్రిక్యులేషను చదివి బియ్యము, పప్పులు అమ్ముకొను వర్తకులము. అయినను ఒక మరణమును కన్నులార చూచినందున ఈ ప్రస్తావనకు సాహసించితిమి.

మా అంగడివీధిలో ఒక పెద్దాయన ఉండెడివారు. రెండు ముద్దలకే కడుపు నిండుచున్నదని నెలల తరబడి చెప్పుచు, అజీర్ణమనుకొని సోడా త్రాగుచుండిరి. మనిషి చిక్కిపోయెను. ఒక వేకువను వాంతి అయ్యెను. అది ఎర్రగా లేదు; వడగట్టి పారవేసిన కాఫీపొడివలె నల్లగా ఉండెను. నెత్తురు కాదుగదా యని ఇంటివారు ఊరడిల్లిరి. పైగా ఇంట పెండ్లికెదిగిన మనుమరాలు. రాచపుండు అన్న మాట బయటకు పొక్కినచో సంబంధము తప్పునని భయము. ఆడికృత్తికకు కావడి మొక్కుకొనిరి. మ్రొక్కును మేము కాదనము. దానితోపాటు వైద్యునియొద్దకును పోవలసినది. పోవునప్పటికి పొట్టలోని కంతి కాలేయమునకు ప్రాకియుండెను.

ఆ నల్లనిది నెత్తురే. పొట్టలో నిలిచిన రక్తము అచ్చటి ఆమ్లముచే నల్లబడును. అదే క్రిందికి దిగినచో మలము తారువలె జిగటగా, దుర్గంధముతో వెడలును. (ఇనుము మాత్రలు మ్రింగువారికిని మలము నల్లబడును, దానికి బెదరనక్కరలేదు.) నెత్తురు కక్కిన ప్రతివానికిని కంతి యున్నదనుటయు పొరపాటే. పొట్టలోని పుండ్లు, ఒంటినొప్పులకు ఎడతెగక మ్రింగు మాత్రలు, కాలేయము చెడి అన్నవాహికలో ఉబ్బిన సిరలు, ఇవియే తరచు కారణములు. కాని ఏది ఏదియో గొట్టము వేసి లోపల చూచినగాని తెలియదు.

1982లో ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్ పొట్టలో వసించు ఒక క్రిమిని కనుగొనిరి. 2005లో నోబెల్ బహుమానమందిరి. పుండ్లకు హేతువైన ఆ క్రిమియే ఏండ్లు గడచిన పిదప కొందరికి కంతిని కూడ తెచ్చును. మందులతో దానిని నిర్మూలింపవచ్చును. పొగత్రాగుట, మితిమీరిన ఉప్పుతో నిలువచేసిన పదార్థములు కూడ చెరుపే. ఊరగాయలమ్ము సోదరులు మాపై కోపింపకుందురు గాక!

చదువుకొన్నవారి యిండ్లలోనే యిట్టి పొరపాటు జరిగినది. డాక్టరు ముత్తులక్ష్మి రెడ్డిగారి చెల్లెలు 1923లో పురీషనాళపు కాన్సరుతో మరణించిరి. తొలుత దానిని జిగటవిరేచనములని తలచి చికిత్స చేసిరి. ఆ దుఃఖమునుండియే 1954లో అడయారు కాన్సరు ఆసుపత్రి వెలసినది.

ఎవరైన నెత్తురు కక్కినచో రైలుకో బస్సుకో ఎదురుచూడక 108కు ఫోను చేయుడు. రోగిని ప్రక్కకు ఒత్తిగిలి పడుకొనబెట్టుడు. నోటికేమియు ఈయకుడు. తిరువళ్ళూరులో ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రి యున్నది.

ఇక మన సంఘమునకు సంబంధించిన మాట. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరినది మొదలు ఆసుపత్రులలో వ్యవహారము తమిళముననే. తెలుగే ఎరిగిన ముసలమ్మలు, వచ్చీరాని తమిళమున తల తిరుగుచున్నదని మాత్రము చెప్పి, బలముమాత్రలతో మరలి వచ్చుచున్నారు. “రత్త వాంది” అను రెండు మాటలు వారికి నేర్పుడు. తోడు లేనివారు ఏ వేళ మా అంగడికి వచ్చినను, మేమో మా కుమారుడో వెంట వత్తుము.