ప్రకృతి చిత్రకళ: భావము, పనితనము



అడంగలు పుస్తకమునకు కొండ యనగా నొక నంబరు, కొంత విస్తీర్ణము, నాలుగు హద్దులు. అనంతగిరి మలుపులలో వేకువను నిలిచినవానికి ఆ హద్దులలో నొక్కటియు కానరాదు. మంచు లోయను నింపి, చెట్ల మొదళ్లను మ్రింగి, కొనలను మాత్రము విడుచును. కంటికి తోచు నీ రెండవ లెక్కను శ్రద్ధతో వ్రాసినవారిలో పందొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారులు ముఖ్యులు.

అంతకు పూర్వ మచ్చట వట్టి చెట్టును, చెరువును వ్రాసినచో పండితులు చిన్నచూపు చూచెడివారు. పురాణపురుషుడో, రోమను వీరుడో అందు నిలిచిననే గౌరవము. కొరో (1796-1875) ఆ మర్యాదను పూర్తిగా విడువలేదు. ఆతని వనములలో నప్పుడప్పుడు వనదేవత లాడుచునే యుందురు. కాని చూపరి మనస్సు వారిపై నిలువదు, ఆ బూడిదవన్నె తెల్లవారుమీదనే నిలుచును. ఆతని నేర్పు రంగుల ఆర్భాటమున లేదు, వెలుగునీడల తరతమములయందు గలదు. పచ్చనిలో తెలుపును, బూడిదను కలుపుటచే ఆకుల అంచులు కరగి గాలిలో లీనమగును. అరకులోయలో మంచు చేయుపనియు నదియే కదా!

భావమునకు పనిముట్టును తోడు కావలెను. పూర్వము నూరిన రంగును పంది మూత్రకోశపు తిత్తులలో కట్టి, పొడిచి పిండెడివారు. 1841లో జాన్ రాండ్ అను అమెరికా చిత్రకారుడు తగరపు గొట్టమును కల్పించెను. ఇక రంగులను పొలమునకు మోసికొనిపోవుట సులభమయ్యెను. దోబిన్యీ 1857లో పడవనే చిత్రశాలగా మార్చి నదిపై తిరిగెను. మొనే 1890-91లో గోధుమకుప్పలనే ఇంచుమించు 25 పటములలో వ్రాసెను. వెలుగు మారగానే పటమును మార్చెడివాడు. నీడను నలుపుతో గాక నీలి, ఊదా పొడలతో నింపెను. రైతు అదే కుప్పను పుట్ల లెక్కన చూచును. ఆ చూపును తప్పు కాదు సుమా!

మన రాజమహేంద్రవరమున కళాశాలాధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయముగా చిత్రకారుడు. దామెర్ల రామారావను బాలుని ప్రతిభను గుర్తించి, రంగులిచ్చి, నేర్పి, బొంబాయి జె.జె. కళాశాలకు పోవుటకు తోడ్పడెను. తైలవర్ణమున పొరపాటును మరల పూసి కప్పవచ్చును. నీటిరంగున కాగితపు తెలుపే వెలుగు. ఒకమారు తడిసినచోట దిద్దుబాటు కష్టము. కావున కుంచె ముట్టకమునుపే మనస్సు నిశ్చయించుకొనవలెను. ఆ నిశ్చయము గల రామారావు 1925లో తన 28వ యేట మశూచిచే మరణించెను. ఆతని చిత్రములు ఆతని పేరిటి చిత్రశాలలో రాజమహేంద్రవరముననే యున్నవి.

ఈ కొండలను చిత్రించుటకు పైనుండి వచ్చువారు వలిసెపూల పసుపును చూతురు, పోవుదురు. పోడుపొగ ఏ గాలికి ఎటు వాలునో, ఏ గడియకు గట్టుమీది నీడ నీలమగునో ఇచ్చటి గిరిజన బాలునకే తెలియును. వానిచేతికి మాత్రము కుంచె యింకను రాలేదు. ఈ గ్రంథాలయపు బీరువాలో పుస్తకములతోపాటు రంగులపెట్టె యొకటి, గరుకుకాగితముల కట్ట యొకటి ఉండుట పెద్ద ఖర్చు కాదు. కార్యవర్గము వచ్చు వలిసెపూతలోపల ఆలోచింపవలెను.