తంతడి తీరాన తిమింగిల సొర
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చేవెళ్ల, మొయినాబాద్ వాళ్లం. మనకు పెద్ద నీళ్లంటే గండిపేట, హిమాయత్‌సాగర్. అయినా పిల్లల దగ్గరికనో, సింహాచలం దర్శనానికనో విశాఖ వెళ్లి సముద్రం చూసి వచ్చేవారు మనలో చాలామందే ఉన్నారు. అందుకే ఈ ముచ్చట.

2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరాన జాలర్ల వలలో తిమింగిల సొర పడింది. బరువు రెండు టన్నులని పత్రికలు రాశాయి. పేరులో తిమింగిలం ఉన్నా అది చేపే, ప్రపంచంలోకెల్లా పెద్ద చేప. మన దేశంలో 2001 నుంచి దాన్ని వేటాడటం నేరం. అటవీశాఖవారు, జంతుప్రేమికులు, జాలర్లు కలిసి దాన్ని ప్రాణాలతో మళ్లీ సముద్రంలోకి పంపించారు.

నన్నడిగితే ముందు మెచ్చుకోవలసింది జాలర్లను. ఇంత పెద్ద చేపను వదిలించాలంటే వల పాడవుతుంది. వల పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇలాంటప్పుడు వల నష్టానికి పరిహారం ఇస్తామని అటవీశాఖ చెప్పింది. గుజరాత్‌లో ఈ పద్ధతి అంతకుముందు నుంచే ఉంది. అయితే ఒకటో తారీకు పెన్షన్ పడకపోతే ఎట్లుంటుందో మనకు తెలియనిది కాదు. ఆ పరిహారమూ వేళకు చేతికందాలి.

ఇక తీరాన మనకే ఏదైనా జీవి కనబడితే? రాత్రిపూట ఇసుకలోకి వచ్చే తాబేలు దారి తప్పింది కాదు, గుడ్లు పెట్టడానికి వచ్చింది. టార్చి వేయకుండా దూరంగా ఉండాలి. డాల్ఫిన్ అయితే మనలాగే గాలి పీలుస్తుంది. తడిబట్ట కప్పండి, నెత్తిమీది ముక్కు రంధ్రంలోకి మాత్రం నీళ్లు పోనివ్వకండి. తోక పట్టి లాగకండి. వెంటనే అటవీశాఖకు కబురు చేయండి. ఫోటో కోసం మనవలు దాని మీదెక్కుతామంటే అస్సలు ఒప్పుకోకండి.