ఇంట్లో కారు బ్రేకులు విప్పిన తర్వాత



మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. అయినా ఆ తరం చిన్న కార్లు మన హోసూరు, కృష్ణగిరి వీధుల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పాత బండే కదా, షెడ్డుకు ఎందుకని ఆదివారం నాడు స్పానరు పట్టి, ప్యాడ్లు తామే మార్చుకునేవాళ్లు ఉన్నారు. వద్దని నేను అనను. కాని పని ముగించి పెడలు తొక్కితే ఏదో తేడా కనిపిస్తుంది. ఆ తేడా ఏమిటో తెలుసుకోకుండా తొప్పూరు ఘాటు దిగితే ఏమవుతుందో ధర్మపురి వైపు శ్రోతలకు నేను వేరే చెప్పాలా?

కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్‌ను లోపలికి నెడతాం. కనుక మొదటిసారి తొక్కగానే పెడలు నేల దాకా పోతుంది. బండి కదలకముందే, నిలబడిన చోటనే, పెడలు గట్టిపడేదాకా మెల్లగా తొక్కండి. గట్టిపడి అలాగే నిలిస్తే భయం లేదు.

గట్టిపడకుండా స్పాంజిలా మెత్తగా ఉంటే గొట్టాల్లో గాలి చేరిందన్నమాట. బడిలో పాస్కల్ సూత్రం చదివే ఉంటారు. ద్రవం నొక్కితే కుంచించుకోదు, ఒత్తిడిని అన్ని వైపులకూ అందిస్తుంది. గాలి కుంచించుకుపోతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది.

ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొసను కొంచెం బ్రేక్ ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. ఒకరు పెడలు తొక్కి పట్టుకోవాలి, రెండోవారు నిపుల్ వదులు చేసి, బుడగలు రాగానే బిగించాలి, ఆ తర్వాతే కాలు తీయాలి. నిపుల్ తెరిచి ఉండగా కాలు తీస్తే పోయిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది. మన ఇళ్లలో సగం తెలుగు, సగం తమిళం కదా, ఏ మాటకు కాలు తీయాలో ముందే అనుకోండి. పైన డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వకండి. ఏ చక్రంతో మొదలుపెట్టాలో మీ బండి పుస్తకంలో ఉంటుంది. ఎంత తీసినా మెత్తదనం పోకపోతే నిపుల్ ఎక్కడుందో చూడండి. కుడి కాలిపర్ ఎడమకు, ఎడమది కుడికి బిగిస్తే నిపుల్ కిందికి వస్తుంది. గాలి పైనే ఉండిపోతుంది.

పెడలు గట్టిగానే ఉంది, కాని చాలా కిందికి పోయాక పడుతోంది అంటే వెనుక డ్రమ్ముల్లో షూలకు, డ్రమ్ముకు మధ్య సందు ఎక్కువైందేమో చూడండి. కాలు అలాగే ఉంచితే పెడలు మెల్లగా దిగిపోతుందా? చక్రాల లోపలి వైపు తడి వెతకండి. ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు అరిగి ఉండవచ్చు. అది ఇంట్లో చేసే పని కాదు, షెడ్డుకు కూడా లాగించుకునే వెళ్లండి.

బండి ఒక పక్కకు లాగుతుంటే ప్యాడుకు గ్రీజు అంటిందా, కాలిపర్ జారే పిన్నులు ఎండిపోయాయా అని చూడాలి. కొంతదూరం పోయాక ఒక చక్రం మాత్రమే కాలిపోతుంటే, ఆ చక్రం జాకీ మీద ఎత్తి తిప్పండి. తిరగకపోతే నిపుల్ కొంచెం వదులు చేయండి. అప్పుడు తిరిగితే ఒత్తిడి వెనక్కి పోవడం లేదు, హోసును అనుమానించాలి. అప్పుడూ తిరగకపోతే తప్పు కాలిపర్‌లోనే.

ఇక బ్రేక్ ఆయిల్. ఈ పేరే కొంపలు ముంచుతోందని నాకనిపిస్తుంది. అది మనం అనుకునే నూనె కాదు. అందులో ఇంజన్ ఆయిల్ ఒక్క గుక్కెడు పోసినా రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. డబ్బా మూత మీద డాట్ 3 అని ఉంటే అదే కొనండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 మరగాలంటే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ కావాలి. తేమ పట్టినదానికి ఆ హద్దు 140కి పడిపోతుంది. ఘాటులో కాలు తీయకుండా బ్రేకు పట్టి దిగితే ఆ వేడి రావచ్చు. లోపల ఆవిరి పుడితే పెడలు పనిచేయదు. అందుకే మూత తెరిచి ఏడాది దాటిన సీసా వాడకండి, దిగేటప్పుడు తక్కువ గేరులో దిగండి.

అన్నీ సరిచూసుకున్నాక ఖాళీ మైదానంలో, మనిషి నడిచే వేగంతో, చేతి బ్రేకు మీద చెయ్యి ఉంచి నాలుగైదు సార్లు ఆపి చూడండి. పిల్లల్ని ఎక్కించుకోవడం ఆ తర్వాత. పెయింటు మీద ఒలికిన ఆయిల్‌ను వెంటనే నీళ్లతో కడగండి, రంగు తినేస్తుంది.