అమ్మ వస్తుంది



ఈ మధ్య ఏ పేరంటానికి వెళ్ళినా "మా అమ్మాయి జర్మనీ వెళ్తోందండీ, చంటిపిల్లతో ఎలా నెగ్గుకొస్తుందో ఏమో!" అనే మాట వినిపిస్తోంది. 2015లో నేనూ అలా వెళ్ళినదాన్నే. మావారి వుద్యోగం స్టుట్‌గార్ట్‌లో. చంకలో రెండున్నరేళ్ళ బాబు. నా చదువు పదో తరగతి. జర్మన్ ఒక్క ముక్క రాదు. మూడేళ్ళు కాపురం చేసి వచ్చాను. అక్కడ నాకు తెలిసొచ్చిన నాలుగు సంగతులు చెప్పుకుందామని ఈ పూట మీ ముందుకు వచ్చాను.

కొత్తలో నన్ను భయపెట్టింది చలి కాదు, నిశ్శబ్దం. కూరల బండివాడి కేక లేదు, పక్కింటి కుక్కరు కూత లేదు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. అమ్మకు ఫోను చేద్దామంటే ఇక్కడ అప్పటికి రాత్రి తొమ్మిది, పడుకునే వేళ. మావారు వచ్చేదాకా నేనూ, బాబూ, నాలుగు గోడలూ.

ఒకనాడు మా తలుపుకి చిన్న పలక వేలాడుతూ కనిపించింది. ఎవరో పొరపాటున తగిలించారనుకుని తీసి పక్కవాళ్ళ తలుపుకి తగిలించాను. సాయంత్రానికి మళ్ళీ మా తలుపుకే వచ్చింది! మర్నాడు కింది వాటాలో పెద్దావిడ వచ్చి చీపురు చూపించి, మెట్లు చూపించి, ఆఖరికి నన్ను చూపించింది. ఆ ప్రాంతంలో దాన్ని 'కేర్‌వోఖె' అంటారు. వారానికొక కుటుంబం వంతున మెట్లూ, నడవా శుభ్రం చెయ్యాలి. పలక ఎవరి తలుపుకి వుంటే ఆ వారం వాళ్ళది. మొదట చిన్నతనమనిపించింది. తెల్లారి లేస్తే వాకిలి చిమ్మే జాతివాళ్ళం, మనకెందుకమ్మా నామోషీ అని బకెట్టూ గుడ్డా పట్టుకుని మెట్లన్నీ తుడిచాను. బాబు వెనకాలే చిన్న గుడ్డ పట్టుకుని తయారు. పెద్దావిడ చూసి, తల వూపి, లోపలికెళ్ళి వాడికో ఆపిల్ పండు తెచ్చిచ్చింది. ఆ రోజునుంచి మెట్ల మీద పలకరింపు మొదలైంది. భాష రాకపోయినా ఫరవాలేదు. వాళ్ళ పద్ధతిలో ఒక్క పని చేసి చూపిస్తే సగం పరాయితనం పోతుంది.

ఇక అసలు సంగతి. అక్కడ శిశువిహారాన్ని 'కీటా' అంటారు. ఏడాది నిండిన పిల్లలకు అందులో చోటు పొందే హక్కు 2013 ఆగస్టు నుంచీ చట్టంలో వుంది. చట్టంలో వున్నంత సులువుగా చోటు దొరకదనుకోండి, మాకు ఆరు నెలలు పట్టింది. చేరగానే పిల్లవాణ్ణి వదిలి వచ్చెయ్యడానికి వీల్లేదు. 'ఐన్‌గెవోనుంగ్' అని, అలవాటు చేసే పద్ధతి ఒకటి వుంది. మొదటి మూడు రోజులూ తల్లి కూడా ఓ గంటసేపు ఆ గదిలోనే ఒక మూల కూర్చోవాలి. నాలుగో రోజున కాసేపు బయటికి వెళ్ళి రావాలి. పిల్లవాడు తట్టుకుంటే ఆ కాసేపు మెల్లగా పెంచుతారు, లేకపోతే ఇంకొన్నాళ్ళు ఆగుతారు.

మనమేం చేస్తాం? "అదిగో కాకి!" అని చూపించి, వాడు తల తిప్పేలోగా జారుకుంటాం. నాలుగో రోజున నేనూ అలాగే జారుకున్నాను. గేటుదాకా వెళ్ళానో లేదో టీచరు పరుగెత్తుకొచ్చి నన్ను వెనక్కి తీసుకెళ్ళింది. తనకొచ్చిన ఇంగ్లీషులో, నాకర్థమయ్యేలా, "చెప్పి వెళ్ళండి. ఏడిస్తే మేం వూరుకోబెడతాం. చెప్పకుండా వెళ్తే రేపు మిమ్మల్ని నమ్మడు" అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. బాబుకి చెప్పాను, "అమ్మ వెళ్ళి వస్తుంది నాన్నా" అని. వాడు గుక్కపెట్టాడు. కాని పది నిమిషాల తర్వాత నేను తిరిగొచ్చినప్పుడు వాడి ముఖం చూడాలి!

మరో బెంగ పట్టుకుంది. వారాలు గడిచినా అక్కడ వాడు నోరు విప్పలేదు. తెలిసినవాళ్ళు "ఇంట్లో తెలుగు మానెయ్యండి, లేకపోతే రెంటికీ చెడతాడు" అన్నారు. టీచరు మాత్రం "మీకు బాగా వచ్చిన భాషే మాట్లాడండి. జర్మన్ సంగతి మేం చూసుకుంటాం" అని, వాడికి తెలిసిన మాటలు కొన్ని రాసిమ్మంది. ఇంగ్లీషు అక్షరాల్లో నీళ్ళు, ఆకలి, నిద్ర, అమ్మ వస్తుంది అని రాసిచ్చాను. ఆ కాగితం గోడకి అంటించింది.

ఒకరోజు రైలు ఆలస్యమై నేను వెళ్ళేసరికి పొద్దుపోయింది. తలుపు దగ్గరే ఆగిపోయాను. టీచరు మోకాళ్ళ మీద కూర్చుని వాడి కళ్ళు తుడుస్తూ, "అమ్మా వాస్టుండీ" అంటోంది. మావాడు వెక్కుతూనే, "వాస్టుండీ కాదు, వస్తుంది!" అని దిద్దాడు. ఆ గదిలో వాడి మొదటి మాట అది. ఏడాది తిరక్కుండా రొట్టెల కొట్టులో నాకు దుబాసీ వాడే. ఇవాళ పదమూడేళ్ళవాడు, తెలుగు ఎక్కడికీ పోలేదు.

వెళ్ళబోయే తల్లులకు మరో నాలుగు మాటలు. ఇల్లు దొరికి చేరిన రెండు వారాల్లోగా టౌను ఆఫీసులో పేరు రాయించుకోవాలి. బిడ్డ టీకాల కాగితాలు తారీఖులతో సహా భద్రంగా పట్టుకెళ్ళండి. తట్టు టీకా వేయించినట్టు రుజువు లేనిదే కీటాలో చేర్చుకోకూడదని 2020 మార్చి నుంచీ చట్టం. ఆపద వస్తే 112కి ఫోను చెయ్యండి. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, పాలూ కూరలూ శనివారమే తెచ్చుకోండి. చలికాలంలో ఇడ్లీపిండి పొంగకపోతే ఓవెన్‌లో దీపం మాత్రం వేసి వుంచండి.

ఇక్కడుండే అమ్మమ్మలకూ, నాయనమ్మలకూ ఒక్క మనవి. ఫోనులో "అయ్యో, ఎంత చిక్కిపోయావే!" అనకండి. ఆ పూటంతా ఆ పిల్లకి అన్నం సహించదు. ఎండాకాలం మనకూ వాళ్ళకూ మూడున్నర గంటలు తేడా, చలికాలం నాలుగున్నర. అది చూసుకుని రోజుకొక వేళ పెట్టుకోండి. ఆ వేళకి తప్పకుండా ఫోను చెయ్యండి. చెప్పిన వేళకి వచ్చే అమ్మ కావాలనిపించేది పసివాళ్ళకొక్కరికే కాదు.

సెలవు.