ఓటముల వరుసలో నిబ్బరం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం సెల్‌ఫోనులో చదరంగం. మన సభ్యులలో పలువురు ఈ ఆట ఆడుతున్నారు. కొందరు ఈమధ్య మానేశారు. కారణం అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "వరుసగా ఓడిపోతున్నానండీ, బుర్ర పనిచేయడం లేదు." మొదటి మాట నిజమే కావచ్చు. అంతమాత్రాన రెండవ మాట రుజువైనట్లు కాదు. ఆ సంగతే నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

నాకు డెబ్బయి నాలుగేళ్లు. మూడేళ్ల క్రితం నా రేటింగు 1510; ఇప్పుడు 1340. కిందటి నెలలో వరుసగా తొమ్మిది ఆటలు పోయాయి. కాబట్టి ఒడ్డున కూర్చుని ఈత పాఠాలు చెబుతున్నానని ఎవరూ అనుకోవద్దు.

ముందుగా ఈ రేటింగు అంటే ఏమిటో చూద్దాం. దీనికి మూలమైన లెక్కను తయారుచేసినవారు ఆర్పాడ్ ఈలో అనే భౌతికశాస్త్ర ఆచార్యులు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య దానిని 1970లో స్వీకరించింది. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే, తక్కువవాడికి నాలుగు ఆటలకు ఇంచుమించు ఒక పాయింటు దక్కుతుందని ఆ లెక్క చెబుతుంది. లిచెస్ వంటి చోట్ల దానినే మెరుగుపరచిన పద్ధతి వాడుతున్నారు. అందులో కొన్ని నెలలు ఆడకుండా ఉండి మళ్లీ మొదలుపెడితే అంకె మామూలుకన్నా వేగంగా పైకీ కిందికీ ఊగుతుంది. ఊరికి వెళ్లివచ్చాక ఒక్కసారిగా పడిపోయిందని కంగారుపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రెండవది, సరిసమానులతో ఆడినా ఓటములు వరుసగా పడతాయి. బొమ్మా బొరుసూ వేసినట్లే. డ్రాలు లేవనుకుంటే, వంద ఆటల్లో ఎక్కడో ఒకచోట వరుసగా అయిదు ఓడిపోయే అవకాశం నూటికి 80 దాకా ఉంటుంది. అయిదు ఓటములు చూసి జాతకం రాసుకోనక్కరలేదు.

మూడవది, అంకె తగ్గేకొద్దీ యంత్రం మనకు ఆ అంకెకు తగిన ప్రత్యర్థినే వెతికి ఇస్తుంది. ఎక్కడో ఒకచోట అంకె నిలుస్తుంది; అక్కడినుంచి మళ్లీ సగం ఆటలు గెలుస్తాం. 1500 దగ్గర గెలిచిన ఆట ఎంత రుచిగా ఉంటుందో 1300 దగ్గర గెలిచినదీ అంతే రుచిగా ఉంటుంది. జీతం తగ్గి పెన్షను అయినంత మాత్రాన అన్నం రుచి మారలేదు కదా!

వయసు ప్రభావం లేదని నేను అనను. వయసుతో ముందుగా మందగించేది వేగం. ఏళ్ల తరబడి కూడబెట్టిన తెలివిడి చాలాకాలం నిలుస్తుంది. అందువల్ల మూడు నిమిషాల ఆటలో కుర్రవాళ్లతో పరుగుపందెం మనకు తగదు. పదిహేను నిమిషాలు ఇచ్చి, ఎత్తుకు పది సెకన్లు కలిపే ఆట ఉంది. ఒక్కొక్క ఎత్తుకు మూడు రోజులో వారమో గడువుండే ఆట కూడా ఉంది. ఫైలు వచ్చింది, చదివాం, నోటు రాశాం, పైకి పంపాం. ఈ పద్ధతి మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

నేను ఒక చిన్న రిజిస్టరు పెట్టాను. ఆట తేదీ, ఆడిన వేళ, ఓడిన కారణం – మూడే గడులు. నెల తిరిగేసరికి విషయం తేలింది. ఓడిన ఇరవై ఆటల్లో పదమూడు గడియారం అయిపోతుండగా పోయినవి. పదకొండు రాత్రి తొమ్మిది దాటాక ఆడినవి. ఇప్పుడు ఉదయం కాఫీ తరువాతే ఆడతాను. రెండు ఓడితే ఆ రోజుకు ఫోను మూసేస్తాను. పోయినది రాబట్టుకోవాలన్న పట్టుదల పేకాటలో ఎంత చేటో ఇక్కడా అంతే. అంకె చూస్తే మనసు చెదిరేవారు దానిని కనబడకుండా పెట్టుకోవచ్చు. లిచెస్‌లో ఆ వీలుంది.

పెద్ద ఆటగాళ్ల సంగతి చూడండి. విశ్వనాథన్ ఆనంద్ 2013లో, 2014లో ప్రపంచ కిరీటం పోరులో కార్ల్‌సన్ చేతిలో ఓడారు. 2017లో, 48వ ఏట, ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయ్యారు. విక్టర్ కోర్చ్‌నోయ్ 2011లో స్విట్జర్లాండ్ జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచారు. అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్లు. మన కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓడి, ఆ పోటీ ముగిసేసరికి ప్రపంచ మహిళా ర్యాపిడ్ ఛాంపియన్‌గా నిలిచారు. మనం వారంతటివారం కాము. అయితే ఓడిన మర్నాడు బల్ల దగ్గర కూర్చోవడానికి అంతటివారు కానక్కరలేదు.

ఇక ముఖ్యమైన సంగతి. మనలో చాలామందికి ఆట పోయినందుకు బాధ లేదు. మతిమరుపు జబ్బు మొదలైందేమోనన్న భయం ఉంది. పైకి చెప్పుకోలేక ఆట మానేస్తున్నారు. చదరంగంలో ఓడడం ఆ జబ్బుకు గుర్తు కాదు. తెలిసిన వీధిలో దారి తప్పడం, అడిగినదే మళ్లీ మళ్లీ అడగడం, ఎప్పుడూ చేసే బ్యాంకు పని తికమక కావడం – ఇవి కనబడితే వైద్యుణ్ణి చూడాలి. బి12 విటమిను లోపం, థైరాయిడ్ జబ్బు, నిద్రలేమి, దిగులు, కొన్ని నిద్రమాత్రలు కూడా మనసును మందగింపజేస్తాయి. వీటిలో చాలావాటికి మందో మార్గమో ఉంది. కంటిలో శుక్లం ఉన్నా చిన్న తెరమీద గుర్రం, బంటు పోల్చుకోవడం కష్టమే. చదరంగం ఆడితే మతిమరుపు రాదని కూడా నేను హామీ ఇవ్వను. అంత భారం ఆటమీద మోపవద్దు.

కుటుంబ సభ్యులకు ఒక మనవి. "తాతయ్యా, ఇవాళ ఎంతకు పడింది?" అని అడగకండి. "ఏ ఎత్తు బాగుంది?" అని అడగండి. తెలిస్తే మీరూ ఒక ఆట ఆడండి. మీ చేతిలో ఓడితే మాకు పాయింట్లు పోవు.

ఆట మానేసిన మిత్రులారా, ఆదివారం ఉదయం మన సంఘం గదిలో రెండు చదరంగపు బల్లలు వేయిస్తామని కార్యదర్శిగారు ఒప్పుకున్నారు. గడియారం ఉండదు, అంకె ఉండదు. ఆటకట్టయితే బంట్లు మళ్లీ పేర్చుకుందాం.