అమ్మమ్మ పద్ధతి



2020లో కరోనా మూలంగా బడులు మూతబడ్డప్పుడు మన ఇళ్ళల్లో సెల్‌ఫోనే తరగతి గది అయింది. బడులు మళ్ళీ తెరిచారు గాని, ఫోను మాత్రం పిల్లల చదువులోంచి కదల్లేదు. హోంవర్కు అందులోనే వస్తోంది, జవాబూ అందులోనే దొరుకుతోంది. "వాడి చదువు మాకు అందకుండా పోయిందండీ, అందులో మాకేం తెలుసు?" అని దిగులుపడే తల్లులు చాలామంది ఉన్నారు. ఏమీ తెలియకపోయినా మనం చేయగలిగిన పని ఒకటుంది. ఇది ఊరడింపుకి చెప్పే మాట కాదు, ప్రయోగం చేసి చూసిన సంగతి.

1999లో ఢిల్లీలోని కాల్కాజీలో సుగతా మిత్ర అనే ఆయన ఒక పని చేశారు. తాము పనిచేసే కంపెనీకీ పక్కనున్న మురికివాడకీ మధ్య గోడ ఉండేది. దానికి కన్నం పెట్టి ఒక కంప్యూటరు అమర్చారు. నేర్పేవారెవరూ లేరు. పిల్లలే మూగి, తోసుకుని, నొక్కి చూసి, దాన్ని వాడటం ఒకరికొకరు నేర్పుకున్నారు.

తర్వాత మన హైదరాబాదు పిల్లలతో ఇంకొకటి చేశారు. చెప్పిన మాటను అక్షరాల్లోకి మార్చే కంప్యూటరును పేద పిల్లల చేతికిచ్చారు. వాళ్ళ ఇంగ్లీషు ఉచ్చారణ దానికి అర్థంకాక, వాళ్ళు ఒకటి చెబితే అది ఇంకొకటి రాసేది. దానికి అర్థమయ్యేలా మాట్లాడాలని పిల్లలే పట్టుబట్టి సాధన చేశారు. నెలలు గడిచేసరికి ఉచ్చారణ బాగుపడింది. ఈ ఫలితాలు 2003లో అచ్చయ్యాయి.

అయితే నాకు అన్నిటికంటే నచ్చింది కాళికుప్పం సంగతి. అది సునామీ తాకిన ఒక తమిళ పల్లె. అక్కడి పిల్లలకి అణు జీవశాస్త్రం, అదీ ఇంగ్లీషులో, కంప్యూటరులో పెట్టి వదిలేశారు. వాళ్ళంతట వాళ్ళే చదువుకుని పరీక్షలో సుమారు 30 మార్కులు తెచ్చుకున్నారు. అప్పుడు ఆ ఊళ్ళోనే ఒక అమ్మాయిని వాళ్ళకి తోడుగా ఉండమన్నారు. ఆ అమ్మాయికి ఆ శాస్త్రం అ ఆలు కూడా రావు. "అమ్మమ్మలాగా వెనక నిలబడి, అబ్బ, భలే చేశావే, ఎలా చేశావు, నాకూ చెప్పవూ అంటూ ఉండు, చాలు" అన్నారు. మార్కులు సుమారు 50కి పెరిగాయి! 2010లో ప్రచురించిన వివరాలివి.

చూశారా, ఆ తేడా తెచ్చింది యంత్రం కాదు. పక్కన నిలబడ్డ మనిషి.

ఇందుకు రెండో వైపు కూడా చెప్పుకోవాలి. యంత్రం ఇచ్చి ఊరుకుంటే పిల్లలు ఎక్కువసేపు ఆటలే ఆడతారని విమర్శించినవారు ఉన్నారు. ఉత్తరాఖండ్‌లో అలాంటి కేంద్రాలు పనిచేయకుండా పడి ఉండటం చూసి రాసినవారూ ఉన్నారు. అంచేత ఫోను చేతిలో పెట్టి మనం వంటింట్లోకి వెళ్ళిపోతే చదువు దానంతటదే రాదు.

మరి ఇంట్లో ఏం చేద్దాం? పిల్లవాడు ఫోనులో చూడటమే కాక, ఏదైనా తయారుచేసేలా చూద్దాం. గుప్పెడు పెసలు తడిగుడ్డలో కట్టి ఒక మూట వెలుతురులో, ఒకటి చీకట్లో పెట్టమనండి. రోజుకో ఫోటో తీసి, కింద రెండు వాక్యాలు తెలుగులో రాయమనండి. వారం తిరిగేసరికి అది వాడి సొంత పాఠం అవుతుంది. కరెంటు మీటరు రోజూ చూసి, అంకె రాసి, ఏ రోజు ఎందుకు పెరిగిందో చెప్పమనండి. నెలాఖరు బిల్లు చూసినప్పుడు మనకీ పనికొస్తుంది! తాతగారిని వాళ్ళ చిన్ననాటి బడి గురించి అడిగి, ఆ మాటలు ఫోనులో రికార్డు చేయమనండి. అయితే పిల్లల ఫోటోలు, బడి పేరు, ఇంటి చిరునామా ఊరందరూ చూసేచోట పెట్టనివ్వకండి.

పాఠ్యపుస్తకాల్లో నల్లచుక్కల చదరాలు చూసే ఉంటారు. 2017లో మొదలైన 'దీక్ష' ఏర్పాటు కింద అచ్చువేసిన వాటిని ఫోనుతో చూపిస్తే ఆ పాఠం తాలూకు వీడియోలు వస్తాయి. చూశాక ఫోను పక్కనపెట్టి, అదే పాఠం మీకు చెప్పమనండి.

ఇప్పుడు కృత్రిమ మేధ అడగడమే ఆలస్యం, వ్యాసం మొత్తం రాసి ఇచ్చేస్తోంది. దాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించినంత మాత్రాన పిల్లవాడు నేర్చుకున్నట్టు కాదు. కోప్పడితే దాచిపెట్టి చేస్తాడు. అంతకంటే, "ఇది నిజమని నీకెలా తెలిసింది? పుస్తకంలో కూడా ఇలాగే ఉందా? చూడకుండా నాకు చెప్పు" అని అడగండి. జవాబు మనకి తెలియనక్కర్లేదు. తెలియదు కాబట్టే పిల్లవాడు ఓపిగ్గా చెబుతాడు. చెబుతూంటే ఎక్కడ అర్థంకాలేదో వాడికే తెలిసిపోతుంది.

ఇందుకు ఖర్చు లేదు. బియ్యం ఏరుతూనో, బట్టలు మడతపెడుతూనో రోజుకి పావుగంట వినగలిగితే సరిపోతుంది. ఈ సాయంత్రమే అడిగి చూడండి.